ధ్వని పాఠానికి రెండు ఫోన్లు: మీ తరగతి గదిలో ఏది నడిచింది, ఏది నడవలేదు?

కొండకింద_బడి
నేను నెల్లూరు జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. పిల్లలు బడికి ఫోను తేకూడదని, ఉపాధ్యాయులు సైతం తరగతికి వెళ్లేముందు తమ ఫోన్లను ప్రధానోపాధ్యాయులకు అప్పగించాలని 2023 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ ఆదేశించిన సంగతి ఇక్కడ అందరికీ తెలిసిందే. తొమ్మిదో తరగతి ధ్వని పాఠం వరకు మాత్రం, రిజిస్టరులో రాసి సంతకం పెట్టిన మీదట, రెండు ఫోన్లు వాడుకోవడానికి మా ప్రధానోపాధ్యాయులు ఒప్పుకున్నారు. బడి ఆవరణలో సిగ్నల్ అందదు కనుక వీడియోల ఊసు లేదు. 38 మంది పిల్లలు, 45 నిమిషాల పీరియడు, రెండు ఫోన్లు: వీటితో చేసి చూసినవారు ఉంటే దయచేసి చెప్పగలరు.

సుద్దముక్క
మాస్టారూ, ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ రెండు ఫోన్లలోనూ ఇంటివద్దే వేసుకుని వెళ్లండి. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయంవారు తయారుచేసిన ఈ యాప్ ఫోనులోని మైకు, త్వరణమాపకం వంటి సెన్సర్లను ప్రయోగశాల పరికరాలుగా మారుస్తుంది. ఒకసారి వేసుకున్నాక దానికి ఇంటర్నెట్ అక్కరలేదు.

అందులో శబ్దంతో మొదలై, మరో శబ్దంతో ఆగే గడియారం ఒకటి ఉంది. రెండు ఫోన్లను వరండాలో సరిగ్గా 10 మీటర్ల దూరంలో ఉంచండి. మొదటి ఫోను పక్కన ఒక విద్యార్థి రెండు చెక్కముక్కలను టక్కున కొడితే ఆ ఫోనులోని గడియారం వెంటనే మొదలవుతుంది. రెండో ఫోనులోనిది ఆ చప్పుడు 10 మీటర్లు ప్రయాణించి చేరిన తరువాతే మొదలవుతుంది. కాసేపాగి రెండో ఫోను పక్కనున్న విద్యార్థి కొట్టినప్పుడు ఆ ఫోను వెంటనే ఆగుతుంది, మొదటిది ఆలస్యంగా ఆగుతుంది. కాబట్టి రెండు గడియారాలు చూపిన కాలాల మధ్య తేడా, ధ్వని 20 మీటర్లు పోవడానికి పట్టిన కాలమే అవుతుంది. ఈ తర్కాన్ని ముందురోజే నల్లబల్లమీద బొమ్మ గీసి చెప్పకపోతే పిల్లలకు అంకెలు తప్ప మరేమీ మిగలదు. నేను మొదటి సంవత్సరం చేసిన పొరపాటు అదే.

మాకు తేడా 0.057 సెకన్లు వచ్చింది, అంటే వేగం సెకనుకు సుమారు 351 మీటర్లు. పాఠ్యపుస్తకంలో 344 అని ఉందని, మనది తప్పని ఒక అబ్బాయి వాదించాడు. ఆ 344 గాలి 22 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్నప్పటి విలువ. మా వరండాలో ఆనాడు 36 డిగ్రీలు. డిగ్రీకి దాదాపు 0.6 మీటర్ల చొప్పున వేగం పెరుగుతుందని వాళ్లచేతే లెక్క వేయించాక 352 దాకా వచ్చింది. ఆ రోజు వాళ్ల ముఖాలు చూసి తీరవలసినవి.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. యాప్‌లో కనిష్ఠ విరామాన్ని అరసెకనుకు పెంచకపోతే గోడ నుంచి తిరిగివచ్చిన ప్రతిధ్వనికే గడియారం ఆగిపోతుంది. చప్పట్లు వద్దు, చెక్కముక్కలే మేలు, ఎందుకంటే చప్పట్ల మోత ఒక్కొక్కరిది ఒక్కో తీరుగా ఉంటుంది.

ఏకోపాధ్యాయిని
మాది ఒకే ఉపాధ్యాయిని ఉన్న ప్రాథమిక పాఠశాల కనుక నాకు ఇంత పెద్ద ప్రయోగాలు కుదరవు, అయినా ఒక్క ఫోనుతో నడిచేది ఒకటి చెబుతాను. ప్లికర్స్ అనే యాప్‌కు నలుపు తెలుపు గుర్తులున్న కార్డులు అచ్చు వేయించుకోవాలి. ఒక్కో కార్డుకు ఒక్కో సంఖ్య ఉంటుంది, నాలుగు అంచులకు నాలుగు జవాబులుంటాయి. పిల్లలు తమ జవాబు పైకి వచ్చేలా కార్డును తిప్పి పట్టుకుంటే, నేను ఫోను కెమెరాను గదిలో ఒకసారి తిప్పగానే ఎవరు ఏమి చెప్పారో నమోదవుతుంది. గుర్తులు ఒకదానికొకటి వేరు కాబట్టి పక్కవారిది చూసి తిప్పడం కుదరదు. ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా తీసివేతల్లో ఎక్కడ తడబడుతున్నారో నాకు ఇలాగే తెలిసింది. కార్డులు నలిగిపోకుండా మెరిసే లామినేషన్ చేయించాను, కిటికీ వెలుగు పడి కెమెరా వాటిని చదవలేకపోయింది. ఆ ఖర్చు వృథా అయింది.

లెక్కల_పంతులు
2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం ట్యాబులు ఇచ్చినప్పుడు, పాఠాలు అందులోనే ఉంటాయి, నెట్ అవసరం లేదు అనగానే నేను ఎంతో ఆశపడ్డాను. మా గదిలో ఉన్న ప్లగ్గులు రెండు. ఛార్జింగు లేకుండా వచ్చినవారిని పక్కవారితో సర్ది కూర్చోబెట్టేసరికి పీరియడులో పన్నెండు నిమిషాలు గడిచిపోయేవి, ఆ తరువాత అందరూ ఒకే పాఠంలో ఉండేవారు కారు. ఇంట్లో మాత్రం కొందరు వీడియోను ఆపి ఆపి చూస్తూ నోటుపుస్తకంలో లెక్కలు చేసుకుని వచ్చారని ఒప్పుకోవాలి. తరగతి గది వరకు నా అనుభవం చెప్పమంటే, ఫోను కొలిచే పనిముట్టుగా పనికివచ్చినంతగా బొమ్మలు చూపే పెట్టెగా పనికిరాలేదు.

పాలమూరు_టీచర్
కరోనాతో బడులు మూతపడి, తెలంగాణలో 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్‌లో, టీ-శాట్‌లో పాఠాలు మొదలైనప్పుడు, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనును తండ్రి పనికి తీసుకుపోతే రాత్రి తొమ్మిదికి గాని వర్క్‌షీటు చూడలేని పిల్లలు నా తరగతిలో చాలామంది ఉండేవారు. అందుకే నేటికీ ఇంటిపనికి ఫోను తప్పనిసరి చేయను.

కొండకింద_బడి
సుద్దముక్క గారూ, నిన్న చేశాము. మొదటిసారి కాకి అరిచి ఒక గడియారం ఆగిపోయింది, రెండోసారి ఎవరో కొలత టేపును వదులుగా పట్టుకున్నారు. తరువాతి మూడు ప్రయత్నాల్లో 346, 357, 352 వచ్చాయి. వెనుక బెంచీ అమ్మాయి ఒకతె, పుష్యమాసంలో పొద్దున ప్రార్థనకు ముందే వచ్చి చేస్తే వేగం తగ్గాలి కదా, చూద్దామంది. ఈ 10 మీటర్లతో ఆ తేడా దొరుకుతుందా?

సుద్దముక్క
కష్టం. 36 నుంచి 20 డిగ్రీలకు దిగితే 10 మీటర్ల దూరానికి వచ్చే తేడా సెకనులో వెయ్యింట రెండు వంతులైనా ఉండదు, మీ మూడు ప్రయత్నాల మధ్య ఉన్న తేడాయే అంత ఉంది. దూరాన్ని 25 మీటర్లకు పెంచి, పదిసార్లు చేసి సగటు తీయండి. థర్మామీటరును ఫోన్ల పక్కనే, నీడలో ఉంచండి. ఆ సమయానికి కాకులు ఎక్కువే ఉంటాయి మాస్టారూ, యాప్‌లో గడియారం స్పందించే శబ్ద స్థాయిని కాస్త పైకి జరపండి.