«బరస్వరంబు»లో బ ఎక్కడిది? లింకర్‌కి సంధి అనొచ్చా?

నుడిబడి: లింకింగ్‌ని (విడివిడిగా కంపైల్ అయిన ముక్కల్ని ఒక ప్రోగ్రామ్‌గా కలపడాన్ని; ఆ పని చేసేది లింకర్) తెలుగులో «సంధి» అనాలని నా పట్టు. బాలవ్యాకరణంలో చిన్నయసూరి చెప్పిన సంధి సూత్రం సగమే గుర్తొస్తోంది: «పూర్వపరస్వరంబులకుఁ ...రస్వరం బేకాదేశంబగుట». ఆ ఖాళీలో ప ఉందా, బ ఉందా? ఉదాహరణకి తీసుకున్నది బుల్లెట్ ఫిజిక్స్ లైబ్రరీ: అందులోని బీటీరిజిడ్‌బాడీ అనే క్లాసుకి «అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్» ఎర్రర్, అంటే అడిగిన పేరు లింకర్‌కి దొరకలేదని.

ఉత్వం: బ. «కు» ద్రుతాంతం (చివర నకారం ఉన్నట్టు లెక్క), అందుకే తరవాతి పరుషం ప సరళం బ అయింది. అర్థంలో మాత్రం పరస్వరమే (తరవాతి అచ్చే), అదే లింకర్ వరస కూడా: అడిగేది పూర్వం, తీర్చేది పరం. గ్నూ లింకర్ స్టాటిక్ లైబ్రరీలను (ఆబ్జెక్ట్ ఫైళ్ల, అంటే కంపైల్ అయిన ముక్కల, మూటలను) ఎడమ నుంచి కుడికి ఒక్కసారే చూస్తుంది, అప్పటికే అడిగి ఉన్న పేర్లకు కావలసిన ఆబ్జెక్ట్ ఫైళ్లే తీసుకుంటుంది. అందుకే మన ఆబ్జెక్ట్ ఫైలు తరవాత బుల్లెట్ లైబ్రరీలు: బుల్లెట్‌డైనమిక్స్, బుల్లెట్‌కొలిజన్, చివర లీనియర్‌మ్యాథ్. సాఫ్ట్‌బాడీ వాడితే అది ఈ మూడిటికీ ముందు. లీనియర్‌మ్యాథ్‌ని మొదట పెడితే, లైబ్రరీ చేతిలోనే ఉన్నా అందులోని బీటీఅలైన్డ్‌అల్లాక్‌ఇంటర్నల్ అనే ఫంక్షన్ దొరకలేదంటుంది.

స్థాని: వరస ఒప్పుకుంటాను, ఏకాదేశం ఒప్పుకోను. ఏకాదేశమంటే రెండూ పోయి వాటి చోట ఒకటి రావాలి. ఇక్కడ ఏ ఫంక్షనూ పోదు. కాల్ దగ్గర కంపైలర్ ఖాళీగా వదిలిన చోట చిరునామా వచ్చి కూర్చుంటుంది. పోయేది ఆ ఖాళీ ఒక్కటే. లైబ్రరీలోంచి ఆబ్జెక్ట్ ఫైలు వచ్చి చేరడమైతే ఆగమం. «మిత్రవదాగమః» (ఆగమం మిత్రుడిలా వచ్చి చేరుతుంది) అన్నది దానికే తగును.

గసడదవ: అసలు విషయం ఆ బ లోనే ఉందండీ. నిఘంటువు తెరిచి «బరస్వరం» వెతికితే దొరుకుతుందా? పక్కమాటని బట్టి రూపం మారింది. సీప్లస్‌ప్లస్‌లో నేమ్ మ్యాంగ్లింగ్ (కంపైలర్ ఫంక్షన్ పేరును మార్చి రాయడం) కూడా అంతే, ఆర్గ్యుమెంట్ల రకాన్ని బట్టి పేరు మారుతుంది. వరస సరిగ్గా ఉండీ ఎర్రర్ వస్తుంటే బీటీరిజిడ్‌బాడీ కన్‌స్ట్రక్టర్‌లో మొదటి ఆర్గ్యుమెంట్ చూడండి. డబుల్, ఫ్లోట్ అన్నవి దశాంశ సంఖ్యల రకాలు. మన కోడ్ డబుల్ అడిగి, లైబ్రరీలో ఫ్లోట్ ఉంటే మ్యాంగిల్ అయిన పేర్లలో తేడా ఒక్క అక్షరం: మన కోడ్‌లో డి, లైబ్రరీలో ఎఫ్. పేర్ల పట్టిక చూపే ఎన్‌ఎమ్‌ని, పేర్లను మామూలు రూపంలో చూపే సి ఆప్షన్‌తో, మన ఆబ్జెక్ట్ ఫైలు మీదా లైబ్రరీ మీదా నడిపితే తేలుతుంది. యు అని ఉంటే కావాలని, టి అని ఉంటే ఇక్కడుందని. బీటీ_యూజ్_డబుల్_ప్రెసిషన్ అన్న సెట్టింగు లైబ్రరీ బిల్డ్‌లోనూ మన ప్రోగ్రామ్‌లోనూ ఒకేలా ఉండాలి.

ఉత్వం: అన్ని పేర్లూ అలా మారవు. పెట్టె ఆకారం కట్టే బీటీబాక్స్‌షేప్ అడిగేది బీటీవెక్టర్3 రిఫరెన్స్, పేరు ఫ్లోట్, డబుల్ రెండిట్లోనూ ఒకటే. లింక్ అయిపోతుంది. కానీ ఆ వెక్టర్ ఫ్లోట్‌లో 16 బైట్లు, డబుల్‌లో 32. పెట్టె కొలతలు తప్పుగా చదువుతుంది. ఎర్రర్ రావడమే నయం.

స్థాని: అది పదచ్ఛేదం తప్పితే అర్థం మారిపోవడం లాంటిది. సూరిని చదివే సుఖమే వేరు. సంధి అంటే ఏమిటో చెప్పే వాక్యంలోనే సరళాదేశం చేసి చూపించాడు! «ఏమ్యాదుల యిత్తునకు సంధి వైకల్పికముగా నగు» (ఏమి లాంటి మాటల చివరి ఇకారానికి సంధి చేసినా చేయకున్నా సరే) చూడండి, వీక్ సింబల్‌కి (దొరక్కపోయినా ఫరవాలేదని అడిగే పేరుకి) వైకల్పికం కన్నా మంచి మాటుందా? దొరికితే కలుపుతుంది, లేకపోతే సున్నా పెట్టి ఊరుకుంటుంది.

గసడదవ: వైకల్పికంలో రెండు రూపాలూ సాధువులే కదా. «ఏమంటివి» ఒప్పే, «ఏమియంటివి» ఒప్పే. సున్నాని పిలిస్తే ప్రోగ్రామ్ కూలుతుంది. అది సాధువెలా అవుతుంది?

స్థాని: పిలిచే ముందు సున్నానా కాదా చూసుకుంటే సాధువే. సంధి లేనప్పుడు మధ్యలో య చేర్చి యడాగమం చేసుకున్నట్టు.

నుడిబడి: బ అని దిద్దుకున్నాను, అరసున్న కూడా పెట్టాను. మరి లింకింగ్‌కి సంధి అనొచ్చా, కూడదా?

ఉత్వం: అనొచ్చు.

స్థాని: సమాసం అనండి. రెండు పదాలూ నిలుస్తాయి.