సైక్లింగ్‌లో డోప్ టెస్టు: దొరికితే దొంగ, దొరక్కపోతే దొరేనా?

గట్టుమీద_సైకిల్ (పాలకొల్లు):
ఆదివారం కాలవగట్టు మీద తొక్కే మా బ్యాచ్‌లో టీ దగ్గర గొడవైంది. "టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు వాళ్లకి మందులు వాడారేమోనని అన్నేసి టెస్టులు చేస్తారు, దొరకలేదంటే నిఖార్సయినవాడే" అని ఒకాయన. "అందరూ దొంగలే" అని ఇంకొకాయన. మొదటాయన మాట నేనైతే ఒప్పుకోను. అమెరికా రైడర్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1999 నుంచి 2005 దాకా ఏడు టూర్లు గెలిచి, ఏళ్ల తరబడి "నేనెప్పుడూ దొరకలేదు" అనే పాటే పాడాడు. 1999లో కార్టికోస్టెరాయిడ్ అనే నిషేధిత మందు ఆనవాళ్లు కనపడితే, పుండుకి రాసుకున్న క్రీమ్ అని డాక్టర్ చీటీ చూపించారు. అది వెనక తేదీ వేసిన చీటీ అని తరవాత సాక్ష్యాల్లో బయటపడింది. 2012లో టైటిళ్లు ఊడిందీ ముఖ్యంగా తోటి రైడర్ల సాక్ష్యాల వల్లే. 1998లో ఫెస్టినా సైక్లింగ్ జట్టు మందుల గుట్టు రట్టు చేసింది కస్టమ్స్ వాళ్లు. 2006లో స్పెయిన్‌లో రైడర్లు మళ్లీ ఎక్కించుకోడానికి దాచిన రక్తం సంచులు పట్టుకున్నది పోలీసులు. ఇందులో ల్యాబ్ ఎక్కడుందండీ?

రొయ్యల_ల్యాబ్ (భీమవరం):
ల్యాబ్‌ని అంత తేలిగ్గా తీసెయ్యకండి. 2000కి ముందు ఎర్రకణాలు పెంచే ఈపీఓ మందుకి టెస్టే లేదు. చేసేదేం లేక 1997లో ప్రపంచ సైక్లింగ్ సంఘం యూసీఐ ఒక గీత గీసింది: రక్తంలో ఎర్రకణాల వాటా 50 శాతం దాటితే పోటీ నుంచి తప్పించడమే. ఇంకేముంది, గీతకి కాస్త కిందుగా ఉండేలా లెక్క చూసుకుని ఎక్కించుకునేవాళ్లు. 2008లో బయలాజికల్ పాస్‌పోర్ట్ అనే రికార్డు వచ్చాక ఎవరి రక్తానికి వాళ్ల పాత రీడింగులే కొలబద్ద. కొద్దికొద్దిగా రాత్రిపూట వేసుకునేవాడు ఇప్పటికీ తప్పించుకోవచ్చు, కాదనను. కానీ వెనకటిలా ఇష్టారాజ్యం కుదరదు.

ఇక న్యాయం సంగతి. మా పని రొయ్యల్లో యాంటీబయాటిక్ చూడటం. "నేను మందేం వెయ్యలేదండీ, మేతలో వచ్చిందేమో" అంటాడు రైతు. నిజమే కావచ్చు. అయినా క్లోరాంఫెనికాల్ అనే నిషేధిత యాంటీబయాటిక్ తగిలిందంటే సరుకు వెనక్కే. సైక్లింగ్‌లోనూ అంతే: ఒంట్లో ఉంటే బాధ్యత నీదే. ఆ రూలు తీసేస్తే ప్రతివాడూ మేత మీదకే తోసేస్తాడు.

లంక_బాబాయ్ (రాజోలు):
తమ్ముడూ, సరుకు వెనక్కొస్తే రైతుకి డబ్బు పోద్ది. రెండేళ్లు చెరువు వెయ్యొద్దని ఎవరూ అనరు, పేపర్లో ఫొటో వేసి దొంగ అనరు. స్పెయిన్ రైడర్ కాంటడోర్ సంగతి చూడు. 2010 టూర్‌లో అతని మూత్రంలో దొరికిన క్లెన్‌బుటరాల్ (కండ పెరగడానికి పశువులకీ పెట్టే మందు) మిల్లీలీటర్‌కి 50 పికోగ్రాములు. మీ భాషలో 0.05 పీపీబీ, అంటే వంద కోట్ల పాళ్లలో 0.05 పాలు. క్లోరాంఫెనికాల్‌కి అప్పట్లో యూరప్ వాళ్లు పెట్టిన 0.3 పీపీబీలో ఆరో వంతు! 2012లో రెండేళ్ల నిషేధం వేసి ఆ టూర్ లాక్కున్నారు. పోనీ కావాలనే వాడాడని తేల్చారా అంటే అదీ లేదు. గొడ్డు మాంసం వల్ల అన్న అతని వాదన నమ్మలేదు గానీ, కల్తీ సప్లిమెంట్ వల్ల వచ్చి ఉండే అవకాశమే ఎక్కువ అని తీర్పులోనే రాశారు. ఆ తరవాత 2019లో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా వాళ్లే రూలు సడలించారు: క్లెన్‌బుటరాల్ మిల్లీలీటర్‌కి 5 నానోగ్రాములు దాటకపోతే, మాంసం వల్ల వచ్చిందేమో ముందు విచారించొచ్చని. కాంటడోర్‌కి దొరికింది అందులో వందో వంతు.

ఇంకోటి, బ్రిటన్ రైడర్ ఫ్రూమ్. 2017లో స్పెయిన్ రేసు వుయెల్టాలో సాల్బుటమాల్ పరిమితికి రెట్టింపు వచ్చింది. మనిళ్లలో ఆయాసానికి పీల్చే ఆస్థాలిన్‌లో ఉండేది అదే. నెలల తరబడి నిపుణుల నివేదికలు నడిచి 2018 జులైలో కేసు కొట్టేశారు. తప్పనడం లేదు. ఆ నిపుణులని పెట్టుకునే స్తోమత అతనికుంది. రేపు మన అమలాపురం కుర్రాడు దొరికితే వాడికెవరు పెడతారు?

రొయ్యల_ల్యాబ్:
బాబాయ్ గారూ, డబ్బు మాట నిజమే. కానీ పొరపాటు జరిగినప్పుడల్లా బలయ్యేది అమాయకుడే అనుకోకండి. శాంపిల్‌ని ఎ, బి అని రెండు సీసాల్లో సీలు వేస్తారు. ఎ లో దొరికితే బి తెరిచేటప్పుడు రైడర్ దగ్గరుండి చూసుకోవచ్చు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో అమెరికా రైడర్ టైలర్ హామిల్టన్ బి శాంపిల్‌ని ల్యాబ్ వాళ్లు గడ్డకట్టించేశారు. పరీక్షకి పనికిరాకుండా పోయి, బంగారు పతకం అతని దగ్గరే ఉండిపోయింది. తీరా మందులు వాడానని తనే ఒప్పుకున్నాక, 2012లో వెనక్కి తీసుకున్నారు.

గట్టుమీద_సైకిల్:
మన ఢిల్లీ డోప్ టెస్టు ల్యాబ్‌నే 2019లో వాడా సస్పెండ్ చేసి, 2021 డిసెంబర్‌లో గానీ గుర్తింపు తిరిగి ఇవ్వలేదు. ల్యాబ్‌కి సస్పెన్షన్ పడితే శాంపిళ్లు ఇంకో ల్యాబ్‌కి వెళ్తాయి, అంతే. రైడర్‌కి పడితే కెరీరే పోతుంది. నా కడుపుమంట అక్కడే.

పెడల్_కుర్రోడు (రావులపాలెం):
అన్నలూ, మధ్యలో వస్తున్నాను, ఏమీ అనుకోకండి. స్టేట్ సెలక్షన్స్‌కి ప్రాక్టీస్ చేస్తున్నాను. జిమ్‌లో ఇచ్చిన ప్రొటీన్ పౌడర్ తాగుతున్నాను. ఇదంతా చదివాక టెన్షన్‌గా ఉంది. మానేయాలా?

లంక_బాబాయ్:
మానెయ్ నాన్నా. గుడ్లు తిను, చేపలు తిను, మన ఊళ్లో వాటికేం కరువు? తాగే తీరాలనుకుంటే బిల్లు, డబ్బా మీద బ్యాచ్ నంబర్ ఫొటో తీసి దాచుకో. అదే బ్యాచ్‌ది సీలు తియ్యని డబ్బా ఇంకోటి పక్కన పెట్టు. కల్తీ వల్లే వచ్చిందనీ, నీ వైపు పెద్ద తప్పు లేదనీ రుజువు చేసుకోగలిగితే మందలింపుతో వదిలేసే వీలు రూల్స్‌లో ఉంది. ఆ రుజువు మాత్రం నువ్వే తెచ్చుకోవాలి.

రొయ్యల_ల్యాబ్:
చూశారా, చివరికి నా మాటకే వచ్చారు. బాధ్యత అతనిదే.

లంక_బాబాయ్:
వచ్చాన్లే. మరి ఆ డబ్బాని ల్యాబ్‌లో టెస్టు చేయించడానికి ఎంతవుద్దో, అది ఎవరు కడతారో కూడా నువ్వే చెప్పు.