జోడీ విడిపోయాక పాప స్కేటింగ్ కొనసాగించాలా?

కడప అమ్మ:
అందరికీ నమస్కారం. మా పాపకు పదమూడేళ్లు. రోలర్ స్కేటింగ్‌లో ఆర్టిస్టిక్ చేస్తుంది, అందులో పెయిర్. ఇన్నాళ్లూ తనతో జోడీగా చేసిన అబ్బాయిని వాళ్లింట్లో ఐఐటీ కోచింగ్‌కని హైదరాబాద్‌లో చేర్పించారు. వాళ్లను తప్పుపట్టను, ఎవరి బిడ్డ చదువు వాళ్లకు ముఖ్యం. కానీ మా పాప అప్పటి నుంచి రింక్ వైపు రానంటోంది. ఇంకో అబ్బాయితో మొదటి నుంచి మొదలుపెట్టేసరికి టెన్త్ వచ్చేస్తుంది, ఇంక చాలించండి అని చుట్టాలు అంటున్నారు. పార్ట్‌నర్ మారాక పైకొచ్చినవాళ్లు నిజంగా ఉన్నారా? ఐస్ మీదైనా సరే, పేర్లు చెబితే పాపకు చూపిస్తాను.

అనంతపురం కోచ్:
అక్కా, నేనూ పెయిర్ చేసినదాన్నే, ఇప్పుడు అనంతపురంలో పిల్లలకు నేర్పిస్తున్నా. ముందు ఒక మాట. పాప మారాం చేస్తోందని మాత్రం అనుకోవద్దు. పార్ట్‌నర్ పోవడమంటే ఏమిటో చేసినవాళ్లకే తెలుస్తుంది. నా మొదటి పార్ట్‌నర్ త్రోకి ముందు, అంటే నన్ను గాల్లోకి విసిరే ముందు, నా నడుము దగ్గర పట్టు ఒక్కసారి బిగించేవాడు. ఆ బిగింపు తెలియగానే నా మోకాళ్లు వాటంతటవే వంగేవి. తర్వాత వచ్చిన అబ్బాయికి ఆ అలవాటు లేదు. నేను సిద్ధమయ్యేలోపే గాల్లో ఉండేదాన్ని, ఎప్పుడూ కుడి తుంటి మీదే పడేదాన్ని. ఇద్దరం పైకి లెక్కపెట్టుకుంటూ, చక్రాల్లేకుండా మామూలు బూట్లతో నేల మీద చేసుకుంటూ పోతే గానీ కుదరలేదు.

ఇక పేరు అడిగారు కాబట్టి, ఐస్ మీద పెయిర్ చేసిన అల్యోనా సావ్‌చెంకో గురించి పాపకు చెప్పండి. పుట్టింది ఉక్రెయిన్‌లో, 1984లో. స్టానిస్లావ్ మొరొజోవ్‌తో 2000లో ప్రపంచ జూనియర్ టైటిల్ గెలిచింది, 2002 ఒలింపిక్స్‌కు వెళ్లింది. తర్వాత ఆ జోడీ విడిపోయింది. అప్పుడు ఆమెకు ఇరవై ఏళ్లు కూడా లేవు. పార్ట్‌నర్ కోసం దేశమే మారింది. 2003లో జర్మనీలోని కెమ్నిట్స్‌కు వెళ్లి రాబిన్ షోల్కోవీతో మొదలుపెట్టింది. ఆ జోడీ ఐదుసార్లు ప్రపంచ చాంపియన్: 2008, 2009, 2011, 2012, 2014. ఒలింపిక్స్‌లో మాత్రం 2010లోనూ 2014లోనూ కాంస్యమే. 2014 సోచీలో చివర్లో త్రో ట్రిపుల్ యాక్సెల్ (గాల్లో మూడున్నర చుట్లు తిరిగేది) చేయబోయి పడిపోయింది. ఆ తర్వాత షోల్కోవీ పోటీలు మానేశాడు.

అప్పటికి ఆమెకు ముప్పై. మన వీధిలో అయితే ఏమనేవాళ్లో మీకు తెలుసు. ఆమె బ్రూనో మాసో అనే ఫ్రెంచ్ అబ్బాయితో మళ్లీ మొదలుపెట్టింది. ఫ్రాన్స్ ఫెడరేషన్ అతన్ని వదలడానికి టైమ్ తీసుకుంది కాబట్టి ఒక సీజన్ అంతా పోటీ లేకుండా ప్రాక్టీసే. ప్రపంచ పోటీలకు ఇద్దరిదీ ఒకే దేశం కానక్కర్లేదు, ఒలింపిక్స్‌కు మాత్రం ఇద్దరికీ తాము ఆడే దేశ పౌరసత్వం ఉండి తీరాలి. వీళ్లు ఆడేది జర్మనీ తరఫున, అందుకే మాసో జర్మన్ నేర్చుకుని పరీక్ష రాశాడు, 2017 చివర్లో గానీ పౌరసత్వం రాలేదు. ఫిబ్రవరిలో ఒలింపిక్స్! ఆ టెన్షన్ ఊహించుకోండి.

2018 ప్యాంగ్‌చాంగ్‌లో షార్ట్ ప్రోగ్రామ్‌లో, అంటే మొదటి రోజు చిన్న ప్రదర్శనలో, మాసో మూడు చుట్లు తిరగాల్సిన సాల్కోవ్ అనే జంప్‌ని రెండే తిరిగాడు. నాలుగో స్థానం. పైనున్న చైనా జోడీకీ వీళ్లకూ దాదాపు ఆరు పాయింట్ల తేడా. మర్నాడు ఫ్రీ స్కేట్‌లో, అంటే రెండోదైన పెద్ద ప్రదర్శనలో, 159.31, అప్పటికి అది ప్రపంచ రికార్డు. మొత్తం 235.90, చైనా జోడీకి 235.47. బంగారం! అది ఆమెకు ఐదో ఒలింపిక్స్. ఆ వీడియో నేను చాలాసార్లు చూశాను. త్రోల తర్వాత ఆమె దిగే తీరు చూడమనండి పాపను. దిగిన కాలి మోకాలు ఎంత మెత్తగా వంగుతుందో, అయినా వేగం ఎక్కడా చావదు.

కర్నూలు స్కేటింగ్ అభిమాని:
కోచ్ గారు చెప్పిన కథకు ఇంకో కొస ఉంది. సావ్‌చెంకో మొదటి ఒలింపిక్స్ పార్ట్‌నర్ మొరొజోవ్ తర్వాత తాత్యానా వొలొసొజార్‌తో ఉక్రెయిన్ తరఫున చేశాడు. 2010లో వాళ్లూ విడిపోయారు. ఆమె రష్యాకు వెళ్లి మాక్సిమ్ త్రాంకోవ్‌తో జోడీ కట్టింది, అదే మొరొజోవ్ వాళ్లకు కోచ్‌లలో ఒకడయ్యాడు. నాలుగేళ్లకు సోచీలో బంగారం. సావ్‌చెంకోకు కాంస్యం వచ్చిన పోటీ అదే. విడిపోయినవాళ్లంతా తలో దారిన మళ్లీ అదే రింక్‌లో కలిశారు మేడమ్.

0.43తో ఓడిన చైనా జోడీ, సూయి వెన్‌జింగ్, హాన్ కాంగ్, పార్ట్‌నర్‌ను మార్చలేదు. 2022 బీజింగ్‌లో 0.63 తేడాతో వాళ్లే గెలిచారు. కాబట్టి మార్చడమే మంచిదని నేననను. పాపకు వేరే దారి లేదు, అంతే తేడా.

కడప అమ్మ:
ఇద్దరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి పాపతో కలిసి ఆ ఫ్రీ స్కేట్ చూశాం. ఒకచోట ఆపి, వెనక్కి జరిపి, "అమ్మా, ఎడమ కాలు చూడు, దిగాక ఎంతసేపు అలాగే చాచి పట్టుకుందో" అంది. చాలా రోజులకు స్కేటింగ్ మాట తన నోటి నుంచి వచ్చింది. నా భయం ఒక్కటే. ఈ ఏడాది బాగా పొడుగైంది. తనను ఎత్తగల అబ్బాయి దొరికేవరకు ఏం చేయించాలి?

అనంతపురం కోచ్:
ఖాళీగా మాత్రం ఉంచొద్దక్కా. సోలో ఫ్రీస్టైల్‌లో, అంటే ఒక్కతే చేసేదాంట్లో పెట్టండి, స్పిన్‌లు, ఎడ్జ్‌లు (ఒక పక్కకు వాలి వంపుగా వెళ్లడం) పెయిర్‌కూ అవే పనికొస్తాయి. పొడుగు పెరిగేటప్పుడు జంప్‌లు తప్పుతుంటాయి, కంగారుపడొద్దని ముందే చెప్పండి. మా దగ్గర పదిహేనేళ్ల అబ్బాయి ఒకడున్నాడు, పాప కంటే పొడుగే ఉంటాడనుకుంటా. కానీ వాడు లిఫ్ట్‌లు ఇంకా సరిగ్గా నేర్చుకోలేదు, మొదటి నెలలు ఎత్తడం అసలు ఉండదు. చేతులు పట్టుకుని పక్కపక్కన తిరగడం, ఒకే లెక్కకు అడుగులు వేయడం, అంతే. తాడిపత్రి మీదుగా బస్సులున్నాయి కదా, ఒక ఆదివారం తీసుకురండి. పాత పార్ట్‌నర్‌తో చేసిన వీడియో ఏదైనా ఉంటే ఫోన్‌లో పెట్టుకుని రండి, ఏ చేయి పట్టుకు అలవాటు పడిందో చూస్తాను.