డివైడర్ గ్యాప్‌లో తిరిగేటప్పుడు పక్కనుంచి గుద్దితే వెనక కూర్చున్నవాళ్ల పరిస్థితి ఏంటి?

సూర్యాపేట_సీను:
మాది హైవే పక్క ఊరు, ఇంటికెళ్లాలంటే విజయవాడ రోడ్డు మీద డివైడర్ గ్యాప్‌లో రైట్ కొట్టాల్సిందే. అమ్మానాన్న కోసం సెకండ్ హ్యాండ్‌లో 2018 హ్యాచ్‌బ్యాక్ చూశా, బండి నీట్‌గానే ఉంది కానీ ముందు రెండు ఎయిర్‌బ్యాగులే. అమ్మేమో ఎప్పుడూ వెనక ఎడమ కిటికీ దగ్గరే కూర్చుంటది. పక్కనుంచి గుద్దితే ఆ రెండూ పనికొస్తాయా?

గేరు_బాబాయ్:
పనికిరావు తమ్ముడూ, అవి ఎదురుగా తగిలే దెబ్బకే. ముందు గుద్దితే బానెట్ నలిగి దెబ్బ కొంత అదే తింటది, పక్కన ఏముంది, డోరు రేకు, లోపల ఓ ఇనప బీమ్, ఆ తర్వాత మనిషే. ఇంకోటి, గ్యాప్‌లో రైట్ తిరుగుతుంటే ఎదురు రోడ్డు మీద వచ్చే లారీకి అడ్డంగా ఉండేది బండి ఎడమవైపు, అంటే సరిగ్గా మీ అమ్మగారి డోరే. పక్కనుంచి గుద్దించే టెస్ట్ పాసవ్వాలనే సైడ్ ఇంపాక్ట్ రూలు 2017 అక్టోబర్ నుంచి కొత్త మోడళ్లకే పెట్టారు, పాత మోడళ్లకి 2019 దాకా టైమిచ్చారు, కాబట్టి 2018 బండి అంటే ఆ డిజైన్ ఎప్పటిదో కనుక్కో.

కోదాడ_కుర్రోడు:
అయితే అమ్మని డ్రైవర్ వెనక కూర్చోబెడితే సరిపోద్దిగా?

గేరు_బాబాయ్:
ఊళ్లోంచి హైవే ఎక్కేటప్పుడు కుడివైపు తగుల్తది మరి, అప్పుడేం చేస్తావ్ 😄 మధ్యలో కూర్చోబెడదామంటే పాత బండ్లలో అక్కడ నడుం బెల్టే ఉంటది.

క్యాజువాల్టీ_నైట్‌డ్యూటీ:
సీటు సంగతి తర్వాత, వెనక బెల్టు పెట్టిస్తున్నారా లేదా చెప్పండి. ఎడమవైపు గుద్దితే కుడివైపు బెల్టు లేకుండా కూర్చున్నాయన ఎగిరొచ్చి పక్కనున్నామె మీదే పడతాడు, ఇద్దరి తలలూ గుద్దుకుంటాయి. పెద్దవాళ్లకి పక్కటెముకలు తొందరగా విరుగుతాయి, కటి ఎముక కూడా. ఎడమవైపు దెబ్బకి ప్లీహం (స్ప్లీన్), కుడివైపు దెబ్బకి కాలేయం చిట్లే ఛాన్సుంది, పైకి గీత కూడా ఉండదు, మనిషి బానే మాట్లాడతాడు, లోపల రక్తం పోతుంటది. అందుకే ఏం కాలేదులే అని ఇంటికి తీసుకుపోకండి, హాస్పిటల్‌కి తీసుకెళ్లి స్కాన్ తీయించండి.

సూర్యాపేట_సీను:
థాంక్యూ అండీ, ఆ బండి వదిలేస్తున్నా. పక్క కిటికీల మీదుగా తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్నాయో లేదో చూసి ఎలా కనుక్కోవాలి?

గేరు_బాబాయ్:
కిటికీల పక్క పిల్లర్ల ప్లాస్టిక్ మీద ఎయిర్‌బ్యాగ్ అని అచ్చు ఉంటది, సీటు పక్కనుంచి తెరుచుకునే సైడ్ బ్యాగైతే ముందు సీటు అంచున చిన్న ట్యాగ్. కార్లని గుద్దించి చూసి స్టార్ రేటింగ్ ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్‌లో స్తంభానికి గంటకి 29 కిలోమీటర్ల స్పీడుతో పక్కగా గుద్దించే టెస్ట్ ఉంది, తలకి ఆ కర్టెన్ ఎంత అవసరమో అందులో తెలుస్తది. కొన్నాక షాపువాడు లెదర్ సీట్ కవర్లు వేయిస్తానంటాడు, సీటులో బ్యాగుంటే బ్యాగు బయటికొచ్చే ఆ పక్క కుట్టు మూసేసే కవర్ వద్దని చెప్పు.