టామ్‌క్యాట్ 10లో వార్ ఫైలు పెడితే 404, లాగ్‌లో ఎర్రరే లేదు

ప్రశ్న (పలాస): జీడిపప్పు స్టాకు రిజిస్టర్ కోసం ఒక పాత స్ప్రింగ్ (జావా ఫ్రేమ్‌వర్క్) ప్రాజెక్టు సోర్సు తీసుకున్నాం. ఉబుంటు 24.04, ఏపీటీలో (ఉబుంటు ప్యాకేజీలు దించే టూల్) వచ్చిన టామ్‌క్యాట్ 10 అనే జావా వెబ్ సర్వర్, జేడీకే 17, డేటాబేసుకి మైసీక్వెల్ 8. మావెన్ అనే బిల్డ్ టూల్లో క్లీన్ ప్యాకేజ్ కొడితే బిల్డ్ సక్సెస్ అంటోంది. వార్ ఫైలు (యాప్ మొత్తం కట్టిన మూట) టామ్‌క్యాట్ వెబ్‌యాప్స్ ఫోల్డర్లో వేస్తే ఫోల్డర్ కూడా విప్పుకుంటోంది. బ్రౌజర్లో మాత్రం ఏ పేజీకైనా 404, అంటే పేజీ దొరకలేదని. ఏటి చూడాలి?

జవాబు (బొబ్బిలి): ముందు మావెన్ సెట్టింగులుండే పామ్ ఫైల్లో స్ప్రింగ్ వెర్షన్ చూడండి. 5 గానీ అంతకన్నా పాతది గానీ అయితే దొంగ దొరికినట్టే. టామ్‌క్యాట్ 10 నుంచి సర్వ్‌లెట్ (వెబ్ రిక్వెస్టుకి జవాబిచ్చే జావా కోడు) ప్యాకేజీల పేర్లు జావాఎక్స్ పోయి జకార్తా అయ్యాయి, పాత స్ప్రింగ్ మాత్రం జావాఎక్స్‌నే అడుగుతుంది. వెబ్ ఎక్స్‌ఎంఎల్ (యాప్ సెట్టింగుల ఫైలు) లేకుండా జావా క్లాసుతోనే కాన్ఫిగర్ చేసిన ప్రాజెక్టులో టామ్‌క్యాట్ ఆ క్లాసు జోలికే వెళ్లదు. అందుకే లాగ్ నున్నగా ఉంటుంది. వెబ్ ఎక్స్‌ఎంఎల్ ఉండుంటే జావాఎక్స్ సర్వ్‌లెట్ క్లాసు దొరకలేదని గోల పెట్టేది.

కోడు ముట్టుకోకుండా తేలాలంటే, వెబ్‌యాప్స్ పక్కనే ‘వెబ్‌యాప్స్-జావాఈఈ’ అని ఇంగ్లీషు చిన్నక్షరాల్లో ఫోల్డర్ చేసి వార్ ఫైలు అందులో వేయండి. టామ్‌క్యాటే పేర్లు మార్చి వెబ్‌యాప్స్‌లో పెడుతుంది. అంతకుముందు వెబ్‌యాప్స్‌లో ఉన్న పాత వార్‌నీ, విప్పుకున్న ఫోల్డర్‌నీ తీసేయాలి. లేదా అపాచీ సైటు నుంచి టామ్‌క్యాట్ 9 టార్ ఫైలు తెచ్చుకోండి. 24.04 ఏపీటీలో 9 సర్వర్ ప్యాకేజీ లేదు, ఊరికే వెతక్కండి.

ప్రశ్న (పలాస): స్ప్రింగ్ 5.3 అండి. ఆ ఫోల్డర్లో వేస్తే లాగిన్ పేజీ వచ్చేసింది. ఇప్పుడు ‘గుండు’, ‘బద్ద’ అని రకం పేరు సేవ్ చేస్తే ప్రశ్నార్థకాలు పడుతున్నాయి. బిల్లు పీడీఎఫ్ రాయబోతే ‘రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్’ అంటోంది. ఫోల్డర్‌కి 777 ఇచ్చినా అంతే.

జవాబు (రాజాం): 777తో పని జరగదు, ఆ అడ్డు సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీది. ఏపీటీ ప్యాకేజీలో టామ్‌క్యాట్‌కి తన లాగ్, వెబ్‌యాప్స్ లాంటి కొన్ని చోట్లే రాసే హక్కు ఉంటుంది. ‘సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ టామ్‌క్యాట్10’ కొట్టి, సర్వీస్ విభాగం కింద రీడ్‌రైట్‌పాత్స్‌కి మీ బిల్లుల ఫోల్డర్ పూర్తి దారి ఇచ్చి రీస్టార్ట్ చేయండి. ఆ ఫోల్డర్ ముందే ఉండాలి, లేకపోతే సర్వీసే లేవదు. ఓనర్‌గా టామ్‌క్యాట్ యూజర్‌ని పెట్టి 777ని 750కి దించేయండి.

ప్రశ్నార్థకాల సంగతికొస్తే, మైసీక్వెల్ 8 డిఫాల్ట్ తెలుగు పట్టే అక్షరకోడు యూటీఎఫ్8ఎంబీ4యే. కానీ ప్రాజెక్టుతో వచ్చిన ఎస్‌క్యూఎల్ ఫైల్లో టేబుల్ చివర లాటిన్1 (తెలుగు పట్టని అక్షరకోడు) అని రాసి ఉంటే అదే చెల్లుతుంది. ‘షో క్రియేట్ టేబుల్’ కొట్టి చూడండి. లాటిన్1 కనబడితే ఆల్టర్ టేబుల్‌తో యూటీఎఫ్8ఎంబీ4కి కన్వర్ట్ చేయండి. ఇప్పటికే ప్రశ్నార్థకాలుగా పడిపోయిన వరసలు మాత్రం తిరిగి రావు, మళ్లీ టైపు చేసుకోవాల్సిందే.

జవాబు (బొబ్బిలి): కన్వర్ట్‌కి ముందు మైసీక్వెల్‌డంప్‌తో బ్యాకప్ తీసుకోండి. ఇంకోటి, టామ్‌క్యాట్ పోర్టు 8080ని బయటికి తెరవొద్దు. దాని ముందు ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వర్ పెట్టి 80, 443 పోర్టులు మాత్రమే వదలండి.