గుండె కవాటంలో టెండాన్ దారాలు, కాల్షియం ఎలా వచ్చాయి? – చర్చ

ఆమదాలవలస తమ్ముడు
మా అక్కకి చిన్నప్పుడు కీళ్లవాత జ్వరం వచ్చింది. ఇప్పుడు శ్రీకాకుళంలో ఎకో తీసి, మిట్రల్ వాల్వ్ (గుండె ఎడమ వైపు కర్ణికకీ జఠరికకీ మధ్య కవాటం) దారి సన్నబడిందన్నారు. కార్డేలు, అంటే ఆ వాల్వ్ రెక్కల్ని పట్టి ఉంచే దారాలు, మందంగా ఉన్నాయని, రెక్కల అంచుల్లో కాల్షియం ఉందని రిపోర్టులో రాశారు. మందుల సంగతి డాక్టరు గారు వివరంగానే చెప్పారు. నా సందేహం వేరు. గుండె అంటే కండరం కదా, అందులోకి టెండాన్ (కండరాన్ని ఎముకకి కట్టే తాడు) లాంటి దారాలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఎముకలో ఉండాల్సిన కాల్షియం వాల్వ్ మీద ఎందుకు చేరింది? ఈ విషయం చదివినవాళ్లు, ఇంట్లో ఈ జబ్బు చూసినవాళ్లు చెప్పండి.

బొబ్బిలి జువాలజీ
తమ్ముడూ, ముందు ఒక మేక గుండెకాయ తెచ్చి ఎడమ జఠరికను నిలువునా కోసి చూడు. మా పిల్లలకి ప్రాక్టికల్స్‌లో ఇదే చేయిస్తాను. గోడ నుంచి వేళ్లలా పొడుచుకొచ్చిన కండరాలు కనిపిస్తాయి. వాటి కొసల నుంచి కవాటం రెక్కలకి తెల్లటి దారాలు కట్టి ఉంటాయి. అవే కార్డే టెండినే. పటకారుతో ఎంత లాగినా పెద్దగా సాగవు. జఠరిక ముడుచుకున్నప్పుడు రెక్కలు కర్ణికలోకి తిరగబడకుండా ఆపేవి అవే. కోడి గుండెతో మాత్రం ఇది చూడాలనుకోవద్దు. దానికి కుడి కవాటం కండరపు రెక్క, అక్కడ దారాలే ఉండవు.

గుడ్డులో గుండె
నేను ఎంఎస్సీలో కోడి పిండాల మీద పనిచేశాను, కాబట్టి మొదటి ప్రశ్నకి నేను చెబుతాను. గుడ్డు పొదిగిన రెండో రోజుకే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. పెంకుకి చిన్న కిటికీ చేసి చూస్తే ఆ ఎర్రటి చుక్క కదలడం కంటికే తెలుస్తుంది. మొదటిసారి చూసిన రోజు నేను మైక్రోస్కోపు దగ్గర నుంచి లేవలేకపోయాను.

అప్పటికి కవాటాలు లేవు. గుండె ఒక గొట్టం మాత్రమే. బయట కండరం, లోపల ఒక్క వరస కణాల పొర, మధ్యలో జెల్లీ. కర్ణిక, జఠరిక కలిసే చోట ఆ జెల్లీ ఉబ్బుతుంది. అక్కడి కండరం నుంచి బీఎంపీ2, టీజీఎఫ్ బీటా లాంటి ప్రోటీన్ సంకేతాలు అందగానే, లోపలి పొరలోని కొన్ని కణాలు పక్క కణాలతో పట్టు వదిలేసి, రూపం మార్చుకుని జెల్లీలోకి చొచ్చుకుపోతాయి. రెక్కలూ దారాలూ ప్రధానంగా ఆ కణాల నుంచే తయారవుతాయి. అంటే కార్డేలు కండరం మారి ఏర్పడినవి కావు.

ఒకే రకం కణాలు రెండు దారులు ఎలా పడతాయో 2006లో అమెరికాలోని సిన్సినాటీలో కేథరిన్ యట్జీ బృందం చూపించింది. కోడి పిండం నుంచి కవాటంగా మారబోయే కణాలు తీసి పెంచారు. బీఎంపీ2 ఇస్తే సాక్స్9, ఆగ్రెకాన్ పెరిగాయి. ఇవి మృదులాస్థి గుర్తులు. ఎఫ్‌జీఎఫ్4 అనే ఇంకో సంకేతం ఇస్తే స్క్లెరాక్సిస్, టెనాసిన్ పెరిగాయి. ఇవి టెండాన్ గుర్తులు. కాళ్లూ చేతులూ, వెన్నెముక ఏర్పడేటప్పుడు పనిచేసే జన్యువులే ఇక్కడా పనిచేస్తున్నాయన్నమాట. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే. అయితే కవాటం నిజంగా మృదులాస్థిగా మారిపోదు. ఒత్తిడిని తట్టుకునే ఆ గుణం వరకే తెచ్చుకుంటుంది.

పాలకొండ శ్రీను
అన్ని కవాటాలూ ఆ లోపలి పొర నుంచే వస్తాయా అన్నా?

గుడ్డులో గుండె
పూర్తిగా కాదు. బృహద్ధమని, పుపుస ధమని మొదట్లో ఉండే కవాటాల్లో నాడీ శిఖరం (పిండంలో వెన్నుపాము ఏర్పడే చోట ఉండే కణాల గుంపు) నుంచి వలస వచ్చిన కణాలు కూడా కలుస్తాయి. మిట్రల్ రెక్కల్లో కొన్నిటికి గుండె బయటి పొర నుంచి కూడా కణాలు చేరతాయి.

ఆమదాలవలస తమ్ముడు
అయితే మా అక్కకి కడుపులో ఉన్నప్పుడే ఏదో తేడా జరిగిందా? అమ్మ ఆ ఆలోచనతోనే టెన్షన్ పడుతోంది. కాల్షియం అన్నారని అక్కకి పాలు, చోడి (రాగి) అంబలి కూడా మానిపించేసింది.

రాజాం స్టాఫ్ నర్సు
ముందు అమ్మకి ధైర్యం చెప్పు నాన్నా. కీళ్లవాత జ్వరంలో కవాటం పుట్టుకతో బాగానే ఉంటుంది. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా మీద శరీరం చేసే పోరాటం దారి తప్పి కవాటం మీద పడుతుంది. ఆ వాపు మళ్లీ మళ్లీ వస్తే రెక్కల అంచులు అతుక్కుపోతాయి, దారాలు మందమై పొట్టివవుతాయి. కాన్పుకి వచ్చిన ఆడపిల్లలకి ఆయాసం ఎక్కువైతే ఎకో తీయించి, అప్పుడు ఈ జబ్బు బయటపడటం మా వార్డులో చూశాను. కడుపుతో ఉన్నప్పుడు రక్తం పరిమాణం పెరుగుతుంది, సన్నబడిన వాల్వ్ దాన్ని మోయలేదు. అక్కకి మూడు, నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ రాసి ఉంటే బాగుందని మానేయవద్దు. అది జరిగిన నష్టాన్ని వెనక్కి తీసుకురాదు, కొత్త దాడి రాకుండా ఆపుతుంది.

గుడ్డులో గుండె
కాల్షియం అంబలి నుంచి రాలేదు. కవాటం లోపల జీవితాంతం సంయోజక కణాలు ఉంటాయి. ఏళ్ల తరబడి వాపు, ఒత్తిడి పడితే వాటిలో కొన్ని ఎముక కణాల తీరు పట్టి, రన్‌ఎక్స్2, ఆస్టియోకాల్సిన్ లాంటి ఎముక గుర్తులు చూపిస్తాయి. సాక్స్9 తగ్గించిన ఎలుకల కవాటాల్లో కాల్షియం చేరినట్టు కూడా చూశారు. పిండంలో పనిచేసిన జన్యువు పెద్దయ్యాక కూడా కాపలా కాస్తోందని నాకు అర్థమైంది. పాలు, చోడి అంబలి మళ్లీ ఇవ్వమని అమ్మకి చెప్పండి. కాల్షియం మాత్రల సంగతి మాత్రం డాక్టరునే అడగండి.

పాలకొండ శ్రీను
మా బావకి మార్ఫాన్ అనే జన్యు జబ్బు. ఆయన సమస్య దీనికి తిరగేసి ఉంటుంది. ఫిబ్రిల్లిన్ అనే ప్రోటీన్ లోపం వల్ల రెక్కలూ దారాలూ సాగి రక్తం వెనక్కి కారుతోంది. అది పుట్టుకతో వచ్చిందే.

రాజాం స్టాఫ్ నర్సు
తమ్ముడూ, ఈసారి వెళ్లినప్పుడు విల్కిన్స్ స్కోరు ఎంతో అడుగు. రెక్కల కదలిక, మందం, కాల్షియం, కింది దారాల మందం, ఈ నాలుగిటికీ మార్కులు వేస్తారు. మొత్తం 16. 8 లేదా అంతకంటే తక్కువ వస్తే బెలూన్‌తో వాల్వ్ తెరవడానికి సాధారణంగా అనుకూలం. అక్క రిపోర్టులో కార్డేల గురించి రాసిన ఆ మాట ఈ లెక్కలోకి వస్తుంది.