చెరువు నీరు పంచే నీరటి వ్యవస్థ ఎందుకు సన్నగిల్లింది?

ప్రశ్న: తెలంగాణ పల్లెల్లో తూము తెరిచి, ఆయకట్టులో ఏ మడికి ఎంత నీరు పారాలో చూసే నీరటి చాలాచోట్ల కనుమరుగయ్యారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసినా ఆ వ్యవస్థ తిరిగి నిలబడకపోవడానికి కారణమేమిటో వివరించగలరా?

జవాబు 1: ప్రధాన కారణం బోరుబావులేనని నా అభిప్రాయం. నీరటికి నెల జీతం ఉండేది కాదు. కోతలయ్యాక రైతులు కళ్లంలోనే తమ కమతాన్ని బట్టి వడ్లు కొలిచి ఇచ్చేవారు. సొంత మోటారు వచ్చిన రైతుకు తూము నీటితో పని తగ్గడంతో, ఆ వడ్లు ఇవ్వవలసిన అవసరమూ కనబడలేదు.

జవాబు 2: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997 నాటి చట్టం నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచింది గానీ, రాత్రివేళ కాలువ వెంట నడిచి గండ్లు పూడ్చే మనిషి స్థానాన్ని అవి భర్తీ చేయలేకపోయాయి. అయితే (ఇది చెప్పకపోతే అన్యాయమవుతుంది) ఆ చాకిరీ చాలా ఊళ్లలో కొన్ని దళిత కుటుంబాలకే వంశపారంపర్యంగా వచ్చేది. వారి పిల్లలు దాన్ని వదులుకోవడాన్ని నష్టంగా మాత్రమే చూడలేము.

ప్రశ్న అడిగినవారు: అలాగైతే కులంతో నిమిత్తం లేకుండా ఒకరిని నియమించుకొని, ఎకరాల లెక్కన రైతులే జీతం సమకూర్చడం మేలు, చివరి మడుల వారు ఇందుకు ముందుగా ఒప్పుకుంటారు, తూము పక్కనున్న వారినే ఒప్పించవలసి ఉంటుంది.